గట్టు మీద తెల్లచీర

చోడవరం
20 నవంబరు 2023

అన్నయ్యకు రూతమ్మ వందనాలు.

నీ చెవులు పూర్తిగా సెలవు పుచ్చుకున్నాయని మెర్లిన్ చెప్పింది. నేను ఫోన్లో అరిస్తే మా వీధి వీధంతా వింటుంది గానీ రాయగడలో నీకు మాత్రం వినపడదు. నా క్షేమ సమాచారాలు నీ కూతురు నీకు సైగలు చేసి చెప్పడం నాకిష్టం లేదు. అందుకని మళ్లీ కాగితం, పెన్ను పట్టుకున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో ఆవిడ కళ్లజోడు సవరించుకుని మరీ చూసింది నన్ను.

నేను బాగున్నాను. ఊరికే ఉత్తరంలో రాసే మాట కాదిది. నిజంగానే బాగున్నాను, అందుకు కాస్త సిగ్గుగా కూడా ఉంది. మీ బావ పోయి ఇంకా ఏడాది తిరగలేదు కదా.

నీకు తెలుసు, ముప్పై ఏళ్లు హాస్టల్ మేట్రన్‌గా చేశాను. చీకటుండగానే లేచి గంట కొట్టడం, ఆడపిల్లల్ని దుప్పట్లు లాగి లేపడం, వంటామె రాకపోతే ఉప్మా కలపడం. రిటైరయ్యానో లేదో మీ బావకి పక్షవాతం. ఆయన్ని పక్కకి తిప్పడం, గుడ్డలు మార్చడం, జావ పట్టడం. తెల్లారిందంటే నాకు పని మొదలైందనే అర్థం, అంతే. ఆకాశం ఎటువైపు ఎర్రబడుతుందో చూసిన పాపాన పోలేదు.

మొన్న దసరా వెళ్లాక ఒకరోజు అలవాటుగా మెలకువ వచ్చింది. లేపడానికి పిల్లలు లేరు, తిప్పడానికి మనిషి లేడు. ఏం చెయ్యాలో తోచక ఫ్లాస్కులో టీ పోసుకుని, మా కాలనీ వెనక చెరకు తోటల మధ్య కాలువ గట్టుంది చూడు, దాని మీద నడుచుకుంటూ వెళ్లి, కాలువకి అడ్డంగా వేసిన బండ మీద కూచున్నాను. పొగమంచు. చెరకాకులు ఒకదానికొకటి రాసుకునే చప్పుడు. దూరంగా గోవాడ చక్కెర ఫ్యాక్టరీ వైపు వెళ్లే చెరకు ట్రాక్టరు. ఏమీ జరగలేదు అన్నయ్యా, ఉత్తినే తెల్లారింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. దుఃఖంతో కాదు. అరవై ఎనిమిదేళ్లకి ఒక పొద్దు నా కోసం తెల్లారిందనిపించింది.

అప్పట్నుంచి రోజూ వెళ్తున్నాను. నాకు పాలు అరగడం లేదు కాబట్టి బెల్లం వేసి కాచిన టీ. అక్కడే నిమ్మకాయ పిండుకుంటాను, చెక్కలు చెరకులోకి విసిరేస్తాను. మడమలు పగిలి చీరలు పట్టుకుంటుంటే పసుపూ ఆముదం కలిపి రాసుకుని కాళ్లు చాపుకు కూచుంటాను. బండంతా పచ్చగా అయింది. ఒక బెల్లం ముక్క చీమలకి పెట్టి, అవి దాన్ని మోసుకెళ్లే తగాదా చూస్తాను. కీర్తనలు కూనిరాగం తీస్తాను. గొంతు ఎప్పుడో పోయింది, అయినా చెరకు అభ్యంతరం చెప్పదు.

అక్కడే ఒకావిడ పరిచయమైంది. అప్పలనరసమ్మ. నా ఈడుదే, ఎవరూ లేరు. గట్ల మీద గడ్డి కోసి పాడి గేదెలున్న ఇళ్లకి అమ్ముకుంటుంది. ఫ్లాస్కు మూతలో టీ పోసిస్తే "అమ్మగారూ, ఏటి ఈ పులుపు, ఏటి ఈ తీపి, రెండూ ఒక్కసారే వస్తన్నాయి" అని నవ్వుతుంది. ముందు పళ్లు మల్లెమొగ్గల్లా ఉంటాయి, ఈ వయసులో!

ఇంకొక్క సంగతి. నీకొక్కడికే చెబుతున్నాను, మెర్లిన్‌కి చెప్పకు. నా పెళ్లినాటి తెల్లచీర, నన్ను పెట్టెలో పెట్టేటప్పుడు కట్టాలని ట్రంకుపెట్టె అడుగున కలరా ఉండలు వేసి దాచుకున్నది, బయటికి తీశాను. అది కట్టుకునే గట్టుకి వెళ్తున్నాను. ఎంత మెత్తగా ఉందనుకున్నావు! పోయాక కట్టుకుంటే ఆ మెత్తదనం నాకేం తెలుస్తుంది? విధవరాలు పెళ్లిచీర కట్టిందని ఎవరైనా అంటారని చీకటి ఉండగా వెళ్లి, వెలుతురు పూర్తిగా రాకముందే ఇల్లు చేరుతున్నాను.

నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? రాయి.

నీ చెల్లి
రూతమ్మ


రాయగడ
30 నవంబరు 2023

ఒసే రూతూ,

నీకు మతి గానీ పోయిందా?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. సంతోషంగా ఉన్నానని రాశావు. నాకు భయం పట్టుకుంది. మన అమ్మ సంగతి మర్చిపోయావా? నువ్వప్పుడు ట్రెయినింగులో ఉన్నావు, నేను దగ్గరున్నాను. బతికినన్నాళ్లూ అమ్మ పెదవి విప్పి నవ్వి ఎరగదు. అలాంటి మనిషి ఉన్నట్టుండి తాటితాండ్ర కావాలంది. అరుగు మీద కూచుని పాటలు పాడింది. పక్కింటి వాళ్లతో పరాచికాలాడింది. ఒకరోజు తన తెల్లచీర తీసి తనే ఎండలో ఆరేసింది. అమ్మకి ఇన్నాళ్లకి సుఖం తెలిసిందని మేమంతా సంబరపడిపోయాం. ఆ నెల దాటలేదు. చీర మడత పెట్టే పని లేకుండానే కట్టాం.

పాదిరిగారు ఇవన్నీ నమ్మకూడదంటారు. నేను నమ్మను కూడా. అయినా ముసలివాళ్లకి హఠాత్తుగా కోరికలు పుడితే మంచిది కాదు. నన్ను చూడు. పొద్దున్నే గోడకేసి చూస్తూ కూచుంటాను. మెర్లిన్ ఏం పెడితే అది తింటాను, ఏదీ తినాలని ఉండదు. అందుకే నాకు ధైర్యం, ఇంకా చాలాకాలం ఉంటానని.

ఆ చీర మడిచి ట్రంకులో పెట్టెయ్. పెట్టెలోకి దాచుకున్నది ఒంటి మీదికి తీసుకోకూడదు, అది పిలిచినట్టు అవుతుంది. పైగా చెరకు తోటలు. మీ చీడికాడ కొండల వైపు నుంచి గిరినాగులు దిగుతాయని పేపర్లో వేశారు. నీకు కంటిచూపా అంతంతమాత్రం. టీ తాగాలనుంటే ఇంట్లో కూచుని తాగు, ఎవరొద్దన్నారు?

మోకాళ్లు అలాగే ఉన్నాయి. అడిగినందుకు సంతోషం.

నీ అన్న
యెహోషువ


చోడవరం
9 డిసెంబరు 2023

అన్నయ్యా,

నీ ఉత్తరం చూసి రెండు రోజులు నీతో మాటలు మానేశాను. నీకు తెలియలేదు, ఎందుకంటే నువ్వు అక్కడున్నావు, నేను ఇక్కడున్నాను.

అమ్మకి చివర్న నెల రోజులు సుఖం దక్కిందంటావు. నేనైతే అందుకు దేవుడికి వందనాలు చెబుతాను. నువ్వేమో ఆ నెలనే శాపంలా చూస్తున్నావు. ఆ నెల కూడా లేకుండా పోయుంటే బాగుండేదా? గోడకేసి చూడటమే ఆయుష్షు అయితే నా వాటా కూడా నువ్వే తీసుకో బాబూ.

సరే, దెబ్బలాట చాలు. ఇక్కడ ఒక విడ్డూరం జరుగుతోంది, చదువు.

మా గట్టుని ఆనుకున్న తోట పరదేశిది. అరెకరం అటూ ఇటూ ఉండే చిన్న రైతు, మనిషి మంచివాడే. ఈ ఏడు అతని చెరకుకి ఎర్రకుళ్లు పట్టింది. గడ చీల్చి చూపించాడు, లోపలంతా నెత్తురు గడ్డ కట్టినట్టు ఎర్రగా ఉంది. అది చాలదన్నట్టు ఎద్దు చచ్చిపోయింది. ఇప్పుడు మనవడు సన్నీకి జ్వరం, పది రోజుల పైబడి తగ్గడం లేదు. కొడుకు సత్తిబాబు ఆర్‌ఎంపీల చుట్టూ తిరుగుతున్నాడు. పాపం, ఆ ఇంట్లో ఎవరి మొహంలోనూ కళ లేదు.

ఇంతలో మా పక్కింట్లో బట్టలు కుట్టే సంధ్యారాణి వచ్చి గుసగుసగా చెప్పింది. "మేడమ్ గారూ, తెల్లారగట్ల ఇంటి బయటికి ఎల్లకండి. పరదేశి గట్టుమీద తెల్లసీర కట్టుకుని ఒకత్తి తిరుగుతందంట. తాడిసెట్టంత పొడుగుందంట. జుట్టు మోకాళ్ల దాకా ఇరబోసుకుని, కాళ్లు ఎనక్కి తిరిగుంటాయంట. ఏడుస్తన్నట్టు పాడతాదంట. నీళ్లు కట్టడానికెల్లిన ఇద్దరు సూసేరు."

దెయ్యమో, దెయ్యం వేషం వేసిన మనిషో అని రెండు పక్షాలు ఉన్నాయట. మనిషే అనేవాళ్లు చిల్లంగి అంటున్నారు, అంటే ఎవత్తో పరదేశి ఇంటికి చేతబడి చేస్తోందని. ఆ బండ దగ్గర ఏడు నిమ్మకాయలు కోసి పడేశారట, కుంకుమట, పసుపు ముద్దతో చేసిన బొమ్మట, కోడి తలట. నాకు ఒళ్లు మండింది. నేను ప్రశాంతంగా కూచునే చోటే దొరికిందా ఈ దరిద్రానికి? అయినా నేను రోజూ అక్కడే కదా ఉంటాను, నాకు కోడి తలా కనపడలేదు, తెల్లచీరదీ కనపడలేదు. నేను రాకముందే వచ్చి పోతోందేమో. నమ్మను గానీ, నిజం చెప్పొద్దూ, వెన్నులో కాస్త చలిగానే ఉంది. అందుకే ఈ మధ్య కీర్తన గట్టిగా పాడుకుంటూ వెళ్తున్నాను. ధైర్యంగా ఉంటుంది.

నా మనసు చివుక్కుమన్నది మాత్రం ఇంకొకందుకు. నిన్న అప్పలనరసమ్మ టీ తాగుతూ తాగుతూ, "అమ్మా, రేపట్నుంచి ఆ తెల్లసీర వొద్దమ్మా. ఏదేనా రంగుసీర కట్టుకోండి" అంది. అది పెళ్లిచీరని పసిగట్టి గడ్డి కోసుకునే మనిషి కూడా నాకు విధవరాలి పద్ధతులు నేర్పేదా అనిపించి, "నీకెందుకు నా చీర సంగతి?" అన్నాను. మేట్రన్ గొంతుతో అన్నాను. ఆవిడ మూత కాలువలో కడిగి, బోర్లించి, కొడవలి తీసుకుని వెళ్లిపోయింది.

నీకూ ఆవిడకీ ఒకటే గోల. నా చీర మీద పడ్డారు.

రూతమ్మ


రాయగడ
15 డిసెంబరు 2023

రూతూ,

దీన్ని స్పీడు పోస్టులో పంపుతున్నాను. అందిన క్షణాన నిలబడి చదువు, కూచోకు.

ఆ దెయ్యం నువ్వేనే.

నీకు అర్థం కావడం లేదా? తెల్లచీర ఎవరు కట్టుకున్నారు? పొగమంచులో పాడేదెవరు? కోసిన నిమ్మచెక్కలు ఎవరు విసిరారు? బండ మీద పసుపు ఎవరిది? బెల్లం ముక్క ఎవరు పెట్టారు? రెండు చెక్కలు నలుగురి నోళ్లు దాటేసరికి ఏడు కాయలయ్యాయి. అయిదడుగులైనా లేని దానివి తాటిచెట్టయ్యావు. కోడి తల ఎవడి బుర్రలో పుట్టిందో వాడికే తెలియాలి. వాళ్లు చెప్పిన రూపంలో నిన్ను నువ్వు గుర్తుపట్టలేకపోయావు, అంతే.

మొన్న నేను రాసింది ముసలి భయం. దాన్ని వదిలెయ్. ఇది వేరు. ఆస్పత్రిలో కాంపౌండరుగా ఉన్న రోజుల్లో ఒక ముసలామెని మంచం మీద మోసుకొచ్చారు. చిల్లంగి పెట్టిందని ఊరివాళ్లు చేసిన పని. ముందు పళ్లన్నీ రాయితో రాలగొట్టారు. పళ్లు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదని వాళ్ల నమ్మకం. ఆమె నోరు కడిగింది నేనే. ఈ చేతులతోనే. ఆమె బతకలేదు. ఆ ఊరివాళ్లు రాక్షసులేం కాదు, ఇంట్లో బిడ్డ చచ్చిపోతుందని వణికిపోతున్న మామూలు మనుషులు. నీ పరదేశిలాంటి వాళ్లే.

అప్పలనరసమ్మ నీకు పద్ధతులు నేర్పలేదు. నిన్ను కాపాడబోయింది. ఊళ్లో మాటలు ఆవిడ చెవిన పడ్డాయి. నీ మొహం మీద చెప్పడానికి భయపడి అలా చెప్పింది.

మెర్లిన్‌తో ఇవాళే ఫోన్ చేయించేవాణ్ణి, బ్యాంకులో ఆడిట్ అంటోంది. ఆదివారం చేస్తుంది. ఈలోగా ఉత్తరం అందితే గట్టు వైపు వెళ్లకు. నా మీద ఒట్టు.

అన్నయ్య


చోడవరం
18 డిసెంబరు 2023

అన్నయ్యా,

నిన్న మీ అమ్మాయి ఫోన్ చేసింది. "అత్తా, నాన్న మరీ బెంగ పెట్టుకున్నాడు, ఆ తెల్లచీర కట్టొద్దన్నాడు, గట్టు మీదికి వెళ్లొద్దన్నాడు" అంది. ఎందుకు అని అడిగితే, "ఏదో అత్తా, ఆయన చాదస్తం, ఉత్తరం రాశాడులే" అని నవ్వేసింది.

నీకొక్కడికే అని రాశాను. ఒక్కడికే! చిన్నప్పుడు నేను చింతకాయలు దొంగిలించిన సంగతి కూడా ఇలాగే నాన్న దగ్గర ఊదేశావు. ఇప్పుడు మెర్లిన్‌కి చెప్పావు. రేపు మీ చర్చంతా చెబుతావు. రూతమ్మ ముసలితనంలో పెళ్లికూతురి వేషం వేస్తోందని నవ్వుకోండి. నువ్వు వద్దన్నావు కాబట్టే మానడం లేదు. ఎల్లుండి నా పెళ్లిరోజు. ఆ రోజు తప్పకుండా కట్టుకుని వెళ్తాను.

ఇక్కడేం బాగాలేదు. అప్పలనరసమ్మ నా దగ్గరికి రావడం మానేసింది. దూరంగా అవతలి గట్టు మీద వంగి గడ్డి కోస్తూ కనిపిస్తుంది, నేను చెయ్యి ఊపితే చూడనట్టు ఉంటుంది. నేను కూచునే బండని ఎవరో పెళ్లగించి కాలువలో తోసేశారు. గట్టు పొడవునా వేపకొమ్మలు గుచ్చారు. నిన్న సాయంత్రం చర్చి నుంచి వస్తుంటే సత్తిబాబు ఎదురొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మగారూ, ఈ నాలుగు రోజులూ పెందలాడే బయటికి రాకండి. మోటారు సెడ్డు కాడ కాపు కాస్తన్నాం. దాన్ని ఈసారి ఒగ్గం."

"దేన్నిరా?" అన్నాను.

"వచ్చిందాన్ని" అన్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. వాళ్ల సన్నీకి ఇంకా జ్వరం తగ్గలేదు. నేను ప్రార్థన చేస్తానన్నాను. నా చెయ్యి కళ్లకద్దుకున్నాడు.

కాపలా ఉన్నారు కాబట్టి నాకిక భయం లేదు. మోటారు షెడ్డు వైపు వెళ్తే వాళ్లు నా చీర చూస్తారు, సిగ్గు. ఇటుకల బట్టీ వెనక నుంచి ఇంకో దారి ఉంది, అటు వెళ్తాను.

నీ నోటికి తాళం లేని పాపానికి ఇకమీదట నీకేమీ రాయను.

రూతమ్మ


చోడవరం
28 డిసెంబరు 2023

అన్నయ్యకి,

రాయనన్నాను. రాయకపోతే ఎవరికి చెప్పుకోను?

ఇరవయ్యో తారీఖు పొద్దున చీర కట్టుకుని ఇటుకల బట్టీ వెనక నుంచి వెళ్లాను. ముందెన్నడూ అంత మంచు లేదు, నా చెయ్యి నాకే ఆనడం లేదు. బండ లేదు కాబట్టి గట్టు మీదే చతికిలబడి టీ పోసుకున్నాను. అప్పుడు చెరకు అవతల నుంచి ఆడమనిషి ఏడుపు వినపడింది. ముందు సన్నగా, తర్వాత పెద్దగా. మాటలు లేవు, ఉత్త ఏడుపే. సంధ్యారాణి చెప్పింది నిజమే, అది ఉంది, ఇవాళ నా వంతు అనుకున్నాను. ఫ్లాస్కు అక్కడే వదిలేసి పరుగెత్తాను. ఎలా పరుగెత్తానో నాకే తెలియదు. ఇంట్లోకి వచ్చి గడియ పెట్టి మోకాళ్ల మీద పడ్డాను. తండ్రీ, ఆ దురాత్మని నా నుంచి తీసెయ్యి అని ప్రార్థన చేశాను. అన్నయ్యా, నేను ఆ ప్రార్థన చేశాను.

మధ్యాహ్నం కాకముందే నీ స్పీడు పోస్టు వచ్చింది.

ఆ దెయ్యం నువ్వేనే, అని చదివాను. నవ్వు కూడా వచ్చింది ఒక్క క్షణం. ఆ తర్వాత నీ కాంపౌండరు కథ చదివాను. చదువుతుంటే పొద్దుటి ఏడుపు చెవిలో మళ్లీ వినపడింది. దెయ్యం నేనైతే ఏడ్చిందెవరు? చెరకు అవతల గట్టు మీద ఆ వేళప్పుడు గడ్డి కోసేది ఒక్కతే.

చీర ఇంకా నా ఒంటి మీదే ఉంది. దాంతోనే పట్టపగలు వీధిలో పడ్డాను. విధవరాలు, పెళ్లిచీర, జనం, ఏదీ గుర్తులేదు. పరదేశి పెరట్లోకి వెళ్లేసరికి పది పదిహేను మంది ఉన్నారు. అప్పలనరసమ్మ పాకలో గుంజకి ఆనుకుని ఉంది, చేతులు వెనక్కి కట్టేసి. తల పగిలింది. నోరంతా రక్తం. ఆ పళ్లు, నీకు రాశాను చూడు, మల్లెమొగ్గల్లాంటి పళ్లు, ఒక్కటి లేదు ముందు. తెల్లచీర ఎక్కడ దాచేవో సెప్పవే అని అడుగుతున్నారట పొద్దుట్నుంచి.

"పరదేశీ, మీరు చూసిన తెల్లచీర ఇదేనా?" అన్నాను. మేట్రన్ గొంతు రాలేదు. ఏడుపు గొంతే వచ్చింది. "నిమ్మకాయలు నావి. టీలోకి పిండుకున్నాను. పసుపు నా మడమలకి. పాడింది నేను. దాన్ని విప్పండి."

సత్తిబాబు నోరు తెరుచుకుని, "అమ్మగారూ, మీరేటి, ఆ ఏళప్పుడు, ఆ సీరతోటి..." అని ఆగిపోయాడు. అందరూ ఒక్కడుగు వెనక్కి వేశారు. నా మాటకి గౌరవం ఇచ్చారనుకున్నాను. కాదు అన్నయ్యా. పరదేశి భార్య పిల్లాణ్ణి చటుక్కున కొంగు చాటుకి లాక్కుంది. అప్పుడు అర్థమైంది, అది భయం.

కట్లు నేనే విప్పాను. చీర కొంగు చింపి తలకి కట్టాను, సరిపోక ఇంకా చింపాను. ఆటోలో అనకాపల్లి తీసుకెళ్లాను. ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగింది. ఆస్పత్రి వాళ్లే పోలీసులకి చెప్పారు. నేను స్టేట్‌మెంటు ఇచ్చాను, ఒక్క మాట దాచలేదు. సత్తిబాబునీ ఇంకో ఇద్దర్నీ తీసుకెళ్లారు. సన్నీకి టైఫాయిడ్ అని తేలింది. మందు పడి తగ్గింది కూడా. ఊళ్లో ఏమంటున్నారో తెలుసా? "దాన్ని కొట్టేకనే జొరం తగ్గింది సూడు" అంటున్నారు.

ఆవిడకి మాట కాస్త వచ్చాక అడిగాను. "ఆ చీర నాదని నీకు తెలుసు కదా. ఎందుకు చెప్పలేదే?"

పళ్లు లేని నోటితో మెల్లగా చెప్పింది. "మొదట సెప్దారనే అనుకున్నానమ్మా. ఆల్లు మీ ఇంటికొచ్చేత్తారని భయమేసింది. మీరా సీర కట్టుకుని సీమల్తోటి కబుర్లు సెప్తుంటే నాను సూసేను కదా. నాల్రోజులు మానాలనే ఆ రోజు అన్నాను గానీ, మీ పేరెట్టి ఆల్లకి సెప్తే మీరు ఇంకెప్పుడూ కట్టుకోరు."

నేనేమో ఆవిడ ఏడుపు విని పారిపోయి గడియ పెట్టుకున్నదాన్ని. ఇది ఎలా మోయాలో నాకు తెలియడం లేదు. దేవుడు క్షమిస్తాడని పాదిరిగారు అన్నారు. దేవుడి సంగతి సరే.

ఇప్పుడావిడ మా ఇంట్లోనే ఉంది. చెరకు రసం గ్లాసుతో పడుతున్నాను, గడ నమలలేదు కదా. క్రిస్‌మస్ ఆరాధనకి వెళ్తే నా బెంచీలో నా పక్కన ఎవరూ కూచోలేదు. మనవాళ్లే అన్నయ్యా, ముప్పై ఏళ్లుగా వందనాలు చెప్పుకున్నవాళ్లు. సంధ్యారాణి నా జాకెట్టు కుట్టకుండానే తిరిగి పంపేసింది. వీధిలో పిల్లలు నన్ను చూసి అటు దారి మళ్లుతున్నారు, నా హాస్టల్లో చదివినవాళ్ల పిల్లలు. నిన్న తలుపు తీస్తే గుమ్మంలో నిమ్మకాయ కోసి కుంకుమ అద్ది పెట్టి ఉంది. నేను చదువుకున్నదాన్ని, ఇవేమీ నమ్మనిదాన్ని. చీపురుతో తొయ్యడానికి వెనకాడాను. కుంకుమకి కాదు. దాన్ని పెట్టిన చెయ్యి ఇంకెంత దూరం వస్తుందో అని.

నాకు భయంగా ఉంది. రాయగడ వచ్చేద్దామా అనిపిస్తోంది. ఆవిడతో అంటే, "ఎక్కడికెల్తాం? నాను సేసిన తప్పేటి, మీరు సేసిన తప్పేటి?" అంటుంది. పైగా నిన్న, "సెయ్యి కట్టు ఇప్పేక గట్టు కాడికి ఎల్దారమ్మా, టీ తాగి సానా రోజులైంది" అంది. నేను గ్లాసు కడగడానికి లేచిపోయాను.

చీరలో మిగిలింది మోకాళ్ల దాకా వస్తుందేమో. ఉతికినా మరకలు పోలేదు. నన్ను పెట్టెలో పెట్టేటప్పుడు ఏదో ఒకటి కట్టండి, ఫరవాలేదు.

నువ్వు మెర్లిన్‌కి చెప్పింది నా ప్రాణం కోసమని ఇప్పుడు తెలిసింది. తిట్టినందుకు ఏమనుకోకు.

రూతమ్మ


రాయగడ
5 జనవరి 2024

రూతూ,

నువ్వు రావద్దు. నేనే వస్తున్నాను. సోమవారం బస్సుకి మెర్లిన్ టిక్కెట్టు తీసింది, పార్వతీపురం మీదుగా వస్తాను. నా మోకాళ్లకి ముందే చెప్పాను, అవి ఒప్పుకున్నాయి.

నీ ఉత్తరం చదివిన రోజు గోడకేసి చూద్దామని కూచున్నాను గానీ గోడ మీద ఏమీ కనపడలేదు. అక్కడ మీరిద్దరు ముసలాళ్లు తలుపు గడియ పెట్టుకుని కూచుంటే, నేను ఇక్కడ ఏదీ తినాలని లేకుండా క్షేమంగా ఉండటం నాకే అసహ్యంగా అనిపించింది.

నీకు ధైర్యం చెప్పడానికి నా దగ్గర గొప్ప మాటలేమీ లేవు. నాకూ భయమే. చెవులు వినపడవు కాబట్టి వెనక నుంచి ఎవరైనా వస్తే నాకు తెలియను కూడా తెలియదు, మీరే చెప్పాలి. అయినా ఆవిడ అడిగింది కాబట్టి గట్టు మీదికి వెళ్దాం. చీకట్లో వద్దు. పొద్దెక్కాక, నలుగురూ తిరిగే వేళ, అందరూ చూస్తుండగా. నీ చీర పాడైపోయిందని బాధపడకు. నాకు తెల్ల పంచె ఉంది, తెల్ల లాల్చీ ఉంది, తల ఎలాగూ తెల్లగానే ఉంది. చూసేవాళ్లు నన్నే చూస్తారు.

ఇంకో మాట. నిన్నట్నుంచి నాకు ఆ బెల్లం టీ తాగాలని ఉంది. పులుపూ తీపీ ఒక్కసారే వస్తాయని ఆవిడ అన్న మాట చదివిన దగ్గర్నుంచి నోరూరుతోంది. ఎన్నేళ్లయిందో నాకు ఏదైనా కావాలనిపించి. ఆ సంగతి మెర్లిన్‌తో అంటే పిల్ల మొహం తెల్లబోయింది. అమ్మ చివరి నెల సంగతి దానికి నేనే కదా చెప్పాను, పదిసార్లు. బస్సు ఎక్కొద్దని ఏడ్చింది. సూట్‌కేసు సర్దుతూ ఇంకా ఏడుస్తోంది.

కొత్త ఫ్లాస్కు నేను కొనుక్కొస్తాను, మూడు గ్లాసులు పట్టేది. నిమ్మకాయ పిండాక చెక్కలు నాకివ్వు, జేబులో వేసుకుంటాను.

నీ అన్న
యెహోషువ